దిగే ముందు ఇంజిన్ చప్పుడు ఎందుకు తగ్గుతుంది? రెండొందల కిలోమీటర్ల ముందే మొదలయ్యే పైలట్ లెక్క

అత్తిలి: గన్నవరమో, శంషాబాదో ఇంకో అరగంటలో వస్తుందనగా విమానంలో ఒక మార్పు తెలుస్తుంది. అప్పటిదాకా ఒకే తీరుగా వినిపించిన ఇంజిన్ హోరు ఉన్నట్టుండి తగ్గిపోతుంది. విమానం ముక్కు కొంచెం కిందికి వంగినట్టు అనిపిస్తుంది. చెవులు దిబ్బడ వేస్తాయి. కువైట్, దుబాయ్, ఖతార్‌లకు పనికి వెళ్ళొచ్చే గోదావరి జిల్లాల వాళ్ళలో, మొదటిసారి ఉమ్రాకు బయల్దేరిన పెద్దవాళ్ళలో చాలామందికి అప్పుడు గుండె ఝల్లుమంటుంది. ‘ఇంజిన్ గానీ ఆగిపోయిందా ఏంటి?’ అని పక్క సీటు వైపు చూస్తారు.

ఇంజిన్ ఆగలేదు. పైలట్లే కావాలని తగ్గించారు. ఎక్కడ తగ్గించాలో చాలాముందే లెక్క వేసి పెట్టుకున్నారు. ఆ లెక్క సరిగ్గా కుదిరితే ఇంధనం మిగులుతుంది, కింద ఊళ్ళకు మోత తగ్గుతుంది, ప్రయాణం సాఫీగా సాగుతుంది. కుదరకపోతే సరిదిద్దుకోవడానికి పద్ధతులున్నాయి. ఆ పద్ధతులను పక్కన పెడితే ఏం జరుగుతుందో 2010లో మంగళూరులో దేశమంతా చూసింది.

ఎత్తు అంటే బ్యాంకులో డిపాజిట్

కాలువ వంతెన ఎక్కేటప్పుడు సైకిల్ గట్టిగా తొక్కాలి. దిగేటప్పుడు తొక్కక్కర్లేదు, అదే జారుతుంది. ఎక్కేటప్పుడు పెట్టిన శ్రమే దిగేటప్పుడు తిరిగి వస్తుంది. విమానం సంగతీ అంతే. 36 వేల అడుగులు, అంటే దాదాపు 11 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కడానికి బోలెడంత ఇంధనం కాలుతుంది. ఆ ఖర్చులో కొంత ఎత్తు రూపంలో విమానం ఖాతాలో జమ అయి ఉంటుంది. దిగేటప్పుడు ఆ జమను కొద్దికొద్దిగా తీసి వాడుకోవాలి.

అందుకే దిగడం మొదలవగానే ఇంజిన్లను ‘ఐడిల్’ స్థితికి తెస్తారు. కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ ఉంటుందే, దాదాపు అలా. విమానం జారుతూ ముందుకు పోతుంది. ఏసీ, కరెంటు, కంట్రోళ్ళు అన్నీ మామూలుగానే పనిచేస్తాయి.

మన దగ్గర ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానం పైన నిలకడగా ఎగిరేటప్పుడు నిమిషానికి సుమారు 40 కిలోల ఇంధనం తాగుతుంది. ఐడిల్‌లో దిగేటప్పుడు బరువు, ఎత్తు, వాతావరణాన్ని బట్టి మారినా అందులో నాలుగో వంతు దగ్గర్లో ఉంటుంది. మన దేశంలో విమాన సంస్థల నిర్వహణ ఖర్చులో 30 నుంచి 40 శాతం దాకా ఇంధనానికే పోతుంది. కాబట్టి దిగే ఆ ఇరవై ముప్ఫై నిమిషాలు కంపెనీకి చిన్న విషయం కాదు.

మూడుతో గుణిస్తే లెక్క తేలుతుంది

దిగడం మొదలుపెట్టే చోటును పైలట్లు ‘టాప్ ఆఫ్ డిసెంట్’ అంటారు. దాన్ని కనిపెట్టడానికి కాక్‌పిట్‌లో కంప్యూటర్ ఉంటుంది. అయినా ప్రతి పైలట్ నోటి లెక్క కూడా వేసుకుంటాడు. లెక్క తేలికే. దిగాల్సిన ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్ళ దూరం కావాలి. ఒక నాటికల్ మైలు అంటే 1.85 కిలోమీటర్లు.

36 వేల అడుగుల నుంచి దిగాలంటే 36ను మూడుతో గుణించాలి. 108 నాటికల్ మైళ్ళు, అంటే 200 కిలోమీటర్లు. వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది మైళ్ళు కలుపుకుంటే దాదాపు 218 కిలోమీటర్లు.

ఢిల్లీ నుంచి గన్నవరం వచ్చే విమానానికి ఈ లెక్క పెట్టి చూస్తే, తిన్నగా వచ్చినట్టయితే ములుగు జిల్లా ఏటూరునాగారం అడవుల మీద ఉండగానే దిగడం మొదలవ్వాలి. కిటికీలోంచి చూసేవాళ్ళకు కృష్ణా జిల్లా ఇంకా కనుచూపు మేరలో ఉండదు. కాక్‌పిట్‌లో మాత్రం గన్నవరం పని మొదలైపోతుంది.

హైదరాబాద్ నుంచి రాజమండ్రి వచ్చే ఏటీఆర్ విమానం చిన్నది, తక్కువ ఎత్తులో ఎగురుతుంది. 18 వేల అడుగుల్లో ఉందనుకుంటే 54 మైళ్ళు, అంటే వంద కిలోమీటర్లు చాలు. సత్తుపల్లి ప్రాంతానికి వచ్చాక దిగడం మొదలుపెడుతుంది.

మన ఊళ్ళ లెక్కన చూద్దాం. అత్తిలి నుంచి గన్నవరం విమానాశ్రయం ఆకాశమార్గంలో దాదాపు 87 కిలోమీటర్లు. గన్నవరం దిగబోయే విమానం అత్తిలి మీదుగా వస్తే అప్పటికి అది 15 వేల అడుగుల చుట్టుపక్కల ఉండాలి. ఏలూరు దగ్గరికి వచ్చేసరికి ఏడు వేలకు కాస్త తక్కువ. రాజమండ్రి విమానాశ్రయం అత్తిలికి 50 కిలోమీటర్ల దూరం. అటు దిగే విమానమైతే అత్తిలి మీద తొమ్మిది వేల అడుగుల దరిదాపుల్లో ఉండాలి.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. గన్నవరం దాదాపు సముద్ర మట్టానికి దగ్గరగా ఉంటుంది, వంద అడుగుల లోపే. శంషాబాద్ దక్కన్ పీఠభూమి మీద సుమారు రెండు వేల అడుగుల ఎత్తులో ఉంది. అక్కడికి దిగేటప్పుడు ముందే రెండు వేలు తీసేసి, మిగిలిన 34 వేలకే లెక్క కట్టాలి.

దూరం తేలాక ఎంత జోరుగా దిగాలన్నది చూసుకోవాలి. దానికీ నోటి లెక్క ఉంది. నేల మీద లెక్కించే వేగాన్ని సగం చేసి చివర సున్నా పెడితే సరి. 300 నాట్ల వేగంతో పోతుంటే నిమిషానికి 1,500 అడుగులు దిగాలి. రన్‌వే దగ్గరపడి వేగం 140 నాట్లకు తగ్గాక నిమిషానికి 700 అడుగులు చాలు.

గాలి, బరువు, మంచు

నోటి లెక్క గాలి లేని రోజుకు సరిపోతుంది. ఆకాశంలో గాలి లేని రోజు ఉండదు. వెనక నుంచి సగటున 30 నాట్ల గాలి తోస్తుందనుకోండి. దిగడానికి 20 నిమిషాలు పడితే ఆ గాలి విమానాన్ని పది నాటికల్ మైళ్ళు అదనంగా ముందుకు తీసుకుపోతుంది. అంటే పది మైళ్ళు ముందే దిగడం మొదలుపెట్టాలి. ఎదురు గాలి అయితే ఇంకొంచెం సేపు పైనే ఉండొచ్చు. అందుకే వేర్వేరు ఎత్తుల్లో గాలి ఎలా ఉందో పైలట్లు కంప్యూటర్‌కు ముందే ఎక్కిస్తారు. ఆ వివరాలు పాతవైతే కంప్యూటర్ చెప్పే చోటు కూడా తప్పుతుంది.

బరువు విషయంలో చాలామంది ఉల్టాగా అనుకుంటారు. నిండా జనం, సామాన్లు ఉన్న విమానం తొందరగా కిందికి వచ్చేస్తుంది కదా అని. నిజానికి ఒకే వేగంతో దిగేటప్పుడు బరువైన విమానం ఎక్కువ దూరం జారుతుంది. కాబట్టి దాన్ని ఇంకా ముందే దించడం మొదలుపెట్టాలి.

మబ్బుల్లో మంచు పేరుకోకుండా ఇంజిన్ ముందు భాగాన్ని వేడి చేసే ఏర్పాటు ఉంటుంది. అది ఆన్ చేస్తే ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నా కొంచెం ఎక్కువ తిరుగుతుంది. దాంతో జారుడు నెమ్మదిస్తుంది. వర్షాకాలంలో ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

తొందరపడినా నష్టమే, ఆలస్యమైనా నష్టమే

ముందే దిగేస్తే ఏమవుతుంది? విమానం రన్‌వేకి చాలా దూరంలోనే కింది ఎత్తుకు చేరుకుంటుంది. అక్కడి నుంచి సమంగా ఎగరాలంటే మళ్ళీ ఇంజిన్ పవర్ పెంచాలి. కింద గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఇంధనం ఎక్కువ కాలుతుంది. జమ చేసిన డిపాజిట్ ముందే తీసేసి, చివర్లో అప్పు చేసినట్టు.

ఆలస్యంగా దిగితే ఇంకో రకం నష్టం. ఎత్తు ఎక్కువ, దూరం తక్కువ అయిపోతుంది. ముక్కు ఇంకా కిందికి వంచితే వేగం పెరిగిపోతుంది. ఒకేసారి దిగడం, నెమ్మదించడం రెండూ విమానానికి కష్టం. అప్పుడు రెక్కల మీద పలకల్లా లేచే స్పీడ్ బ్రేకులు వాడాలి. విమానం అంతా సన్నగా అదిరేది అప్పుడే. ఇంకా ఎక్కువ ఎత్తు మిగిలితే చక్రాలు ముందే దించి గాలికి అడ్డం పెడతారు. ఇదంతా డబ్బు పెట్టి కొన్న ఎత్తును గాలిలో పారబోయడమే. అయినా అవసరమైనప్పుడు పారబోయడమే సరైన పని.

మధ్యలో వేగం నియమాలు కూడా ఉంటాయి. పది వేల అడుగుల కిందికి వచ్చాక మామూలుగా 250 నాట్లు దాటకూడదు. సమంగా ఎగిరేటప్పుడు పది నాట్లు తగ్గాలంటే సుమారు ఒక మైలు దూరం పడుతుంది. అందుకే పైలట్లు ఎత్తు, వేగం, మిగిలిన దూరం ఈ మూడింటినీ కలిపి చూస్తుంటారు. దిగుతున్నంతసేపూ ప్రతి కొన్ని మైళ్ళకు ‘ఇప్పుడు ఎంత ఎత్తులో ఉండాలి, ఎంతలో ఉన్నాం’ అని సరిచూసుకుంటూనే ఉంటారు.

మెట్లు దిగడం, ర్యాంపు మీద జారడం

పైలట్ లెక్క ఎంత బాగున్నా ఆకాశంలో అతను ఒక్కడే లేడు. ఏటీసీ, అంటే విమానాల రాకపోకలు నియంత్రించేవాళ్ళు, ఒక్కో విమానాన్నీ మిగతావాటికి దూరంగా ఉంచాలి. శంషాబాద్‌లో ఒకేసారి నాలుగైదు విమానాలు దిగడానికి వస్తే ఒకదాన్ని 15 వేల దగ్గర ఆపుతారు, ఇంకోదాన్ని ఏడు వేల దగ్గర. అలా మెట్లు మెట్లుగా దించుతారు. ప్రతి మెట్టు మీదా ఇంజిన్ పవర్ మళ్ళీ పెంచాల్సిందే. దిగేటప్పుడు చప్పుడు తగ్గడం, పెరగడం, మళ్ళీ తగ్గడం వినిపిస్తే అసలు కారణం ఎక్కువసార్లు ఇదే.

మెట్లు లేకుండా ఒకే వాలులో దించడాన్ని ‘కంటిన్యువస్ డిసెంట్’ అంటారు. దీనికోసం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2010లో ప్రత్యేకంగా ఒక మాన్యువల్ తెచ్చింది. ఇందులో పైలట్‌కు అన్నిటికంటే ముఖ్యంగా కావాల్సింది ఒక్కటే సమాచారం: రన్‌వే దాకా ఇంకా ఎన్ని మైళ్ళు ఎగరాలి? ఏటీసీ అది ముందే చెప్పగలిగితే మిగతాది పైలట్ చూసుకుంటాడు.

లాభం ఎంత? విమానాన్ని బట్టి, రద్దీని బట్టి మారుతుంది. ఒక్కో దిగుడుకు పదుల కిలోల నుంచి వంద కిలోలు దాటి కూడా ఇంధనం మిగలొచ్చు. లెక్క కోసం వంద కిలోలే అనుకుందాం. రోజుకు పది విమానాలు దిగే చిన్న విమానాశ్రయంలో కూడా ఏడాదికి 365 టన్నులు అవుతుంది. ఒక కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ లెక్కన 1,150 టన్నుల పొగ గాలిలో కలవకుండా ఆగుతుంది.

కొల్లేరు మీద ఎత్తులో ఉంటేనే మేలు

గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. గాలిని బట్టి తూర్పు వైపు నుంచి దిగాల్సి వస్తే విమానాలు ఏలూరు, కొల్లేరు దిక్కు నుంచి వస్తాయి. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో ఉన్న సరస్సు. ఆటపాక పెలికాన్లతో పాటు చలికాలంలో వలస పక్షులు కూడా ఇక్కడికి చేరతాయి. పెలికాన్ లాంటి బరువైన పక్షి ఇంజిన్‌కో, అద్దానికో తగిలితే ప్రమాదమే.

పక్షులు తగిలే ఘటనలు ఎక్కువగా మూడు వేల అడుగుల లోపే జరుగుతుంటాయి. కొల్లేరు మధ్య భాగం గన్నవరానికి దాదాపు 45 కిలోమీటర్లు. మూడింతల లెక్క ప్రకారం వచ్చే విమానం అక్కడ ఎనిమిది వేల అడుగుల దగ్గర ఉంటుంది. అదే ముందే దిగేసి మూడు వేల అడుగుల్లో సమంగా ఎగురుతూ వస్తే పక్షులుండే గాలిలో ఎక్కువసేపు గడపాల్సి వస్తుంది. ఒకే వాలులో దిగడం వల్ల ఇంధనంతో పాటు పక్షులకూ ప్రయాణికులకూ మేలు జరిగేది ఇలాగే.

మంగళూరు చెప్పిన పాఠం

2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. అందులో 166 మంది ఉంటే 158 మంది చనిపోయారు. ఎనిమిది మంది బతికారు. చనిపోయినవాళ్ళలో చాలామంది గల్ఫ్‌లో పనిచేసుకునే సాధారణ కుటుంబాలవాళ్ళు.

ఆ రోజు మంగళూరు రాడార్ పనిచేయడం లేదు. అందువల్ల 37 వేల అడుగుల నుంచి దిగడానికి అనుమతి మామూలు కంటే ఆలస్యంగా, సుమారు 80 నాటికల్ మైళ్ళ దూరంలో దొరికింది. పైన చెప్పిన లెక్క వేసి చూడండి. 37ను మూడుతో గుణిస్తే 111 మైళ్ళు కావాలి. అంటే అప్పటికే దూరం చాలదు.

అయితే ఆ ఒక్క కారణంతోనే ప్రమాదం జరిగిందని విచారణ కమిటీ అనలేదు. అనుమతి ఆలస్యమైనా దానికి తగ్గట్టు సిబ్బంది దిగుడును సరిగా ప్లాన్ చేసుకోలేదని చెప్పింది. కాక్‌పిట్ రికార్డింగ్‌లో మొదటి గంటా 40 నిమిషాలు కెప్టెన్ నిద్రలో ఉన్నారని తేల్చింది. రన్‌వే దగ్గరపడ్డాక విమానం ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపులో ఉంది. ‘గో అరౌండ్’, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేపమని కో-పైలట్ మూడుసార్లు చెప్పారు. హెచ్చరిక పరికరం కూడా మోగింది. అయినా దించారు. ఎనిమిది వేల అడుగుల రన్‌వేలో ఐదు వేల అడుగులు దాటాక గానీ చక్రాలు నేలను తాకలేదు. ఆ దిగుడును మధ్యలో ఆపకపోవడమే అసలు కారణమని కమిటీ తేల్చింది.

ఇంధనం పొదుపు గురించి ఎంత చెప్పుకున్నా దానికి ఒక హద్దు ఉంది. అది సాధారణంగా నేలకు వెయ్యి అడుగుల ఎత్తు. అక్కడికి వచ్చేసరికి వేగం, వాలు, దిగే జోరు, చక్రాలు, ఫ్లాప్‌లు అన్నీ కుదిరి ఉండాలి. కుదరకపోతే పొదుపు మాట పక్కన పెట్టి పైకి లేవాల్సిందే. గో అరౌండ్ చేస్తే కొన్ని వందల కిలోల ఇంధనం అదనంగా కాలుతుంది. ఆ ఖర్చు గురించి పైలట్‌ను నిలదీయకూడదన్నది విమానయాన రంగం ఒప్పుకున్న పద్ధతి. నిలదీస్తారన్న భయం ఉంటే పైలట్ ఎలాగోలా దించాలని చూస్తాడు.

ప్రయాణికులు తెలుసుకోవాల్సినవి

డిసెంబర్, జనవరి నెలల్లో గన్నవరంలో పొగమంచు వల్ల విమానాలు గాలిలో చక్కర్లు కొట్టడం మనకు తెలిసిందే. అప్పుడు పైలట్లు వీలైనంత పైనే ఆగి చూస్తారు. పైన గాలి పలచన, ఇంధనం తక్కువ ఖర్చవుతుంది. వేరే విమానాశ్రయానికి వెళ్ళడానికి సరిపడా ఇంధనం ఎప్పుడూ పక్కన పెట్టుకునే ఉంటారు. ఆ హద్దు దగ్గరపడితే హైదరాబాద్‌కో, ఇంకో చోటికో మళ్ళిస్తారు. బయట ఎదురుచూసే చుట్టాలకు ఇది విసుగే. కానీ ఆ నిర్ణయంలో తొందరపాటు ఉండకూడదు.

చెవుల సంగతి. పైన ఎగిరేటప్పుడు క్యాబిన్‌లో గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. దిగేకొద్దీ అది నేల మీది పీడనానికి పెరుగుతుంది. అందుకే దిబ్బడ. మింగడం, ఆవలించడం, చాక్లెట్ చప్పరించడం చేస్తే తగ్గుతుంది. చంటిపిల్లలకు ఆ సమయంలో పాలు పట్టాలి. నిద్రపోతున్న పెద్దవాళ్ళను దిగడం మొదలైనప్పుడు లేపితే మంచిది. గట్టి జలుబు ఉంటే ప్రయాణానికి ముందే డాక్టర్‌ను అడగాలి.

ఇంజిన్ చప్పుడు తగ్గితే భయపడక్కర్లేదు. స్పీడ్ బ్రేకుల అదురు, చక్రాలు దిగేటప్పుడు వచ్చే పెద్ద శబ్దం రెండూ మామూలే. దిగబోతూ విమానం ఒక్కసారిగా హోరుమని పైకి లేస్తే అది గో అరౌండ్. పది పదిహేను నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. బెల్టు సైన్ వెలిగాక లేచి పైన సామాన్లు తీయడం మాత్రం మానుకోవాలి. మెట్లు మెట్లుగా దించినా, జారుడుగా దించినా ఆ సమయంలో విమానం వేగం, వాలు మారుతూనే ఉంటాయి.

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. అక్కడ విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. అది నిజమైతే 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న అత్తిలికి కూడా ఈ లెక్క సొంత విషయం అవుతుంది. రన్‌వే దిక్కు ఇటువైపుగా ఉంటే దిగే విమానం అత్తిలి ఇళ్ళ మీద సుమారు 2,400 అడుగుల ఎత్తులో పోతుంది. ఒకే వాలులో జారుతూ పోతుందా, పవర్ పెంచి సమంగా ఎగురుతూ పోతుందా అన్నదాన్ని బట్టి ఊళ్ళో వినిపించే మోత మారుతుంది. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టే రోజు వస్తే, భూముల ధరలతో పాటు విమానాలు ఏ దిక్కు నుంచి, ఏ ఎత్తులో దిగుతాయన్నది కూడా అధికారులను అడగాలి.